మొదటి స్థానం: గైర్హాజరు

ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు సుమంత్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటిలోపు సోమవారం చెప్పాల్సిన పాఠం తాలూకు స్లైడ్లు ముగించాలి. తొమ్మిదిన్నరకు ఉప్మా తినాలి. పదింటికి మళ్లీ పడుకోవాలి. ఇందులో మూడోదాని మీదే అతని మనసంతా ఉంది.

సుమంత్‌ది కంపైలర్లు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. మనం రాసిన ప్రోగ్రాము యంత్రం దాకా చేరేముందు బైట్‌కోడ్ అనే మధ్యరకం సంకేతాల్లోకి మారుతుంది. ఆ సంకేతాల్లో రెండు సంఖ్యలను పోల్చే ఆదేశాలు అతని శాఖ. రెండు సంఖ్యల్లో ఏది తక్కువో చెప్పడానికి ఒక మనిషికి నౌకరీ ఇస్తారా అని తల్లి పద్మ మూడేళ్లుగా ఆశ్చర్యపోతూనే ఉంది. సోమవారం సాయంత్రం కొత్తగా చేరిన నలభై మందికి ఆన్‌లైన్‌లో అదే విషయం మీద గంటన్నర పాఠం చెప్పాలి. గంటన్నర అన్న సంగతి అతను తల్లికి చెప్పలేదు.

ఏడో స్లైడు దగ్గర ఉండగా తండ్రి కిషన్ రావు చంకలో కాగితాల కట్ట పెట్టుకుని గదిలోకి వచ్చాడు. ఆయన ఒక కార్యాలయం పరీక్షల విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆ ముప్పై నాలుగేళ్లలో సొంతంగా ఒక్క నిర్ణయం కూడా తీసుకోలేదని ఆయనకు గొప్ప గర్వం. రూల్లో ఉన్నది చేశాడు, లేనిది చేయలేదు. వీడ్కోలు సభలో శాలువా కప్పబోతే, ఉద్యోగి శాలువా తీసుకోవచ్చునన్న ఉత్తర్వు నంబరు ఏదో కనుక్కుని మరీ కప్పించుకున్నాడు.

ఉండేది చిక్కడపల్లిలో అయినా ఆయన ప్రాణమంతా అశోక్‌నగర్‌లో ఉంది. అక్కడ ఒక మేడ రెండో అంతస్తులో 'ఏకాగ్ర రీడింగ్ రూమ్' నడుపుతున్నాడు. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లల కోసం అరవై కుర్చీలు, అరవై బల్లలు. వీటికి తోడు మూలన అద్దాల తలుపుతో ఒకే ఒక్క క్యాబిన్. లోపల ఏసీ, కిటికీ, తలుపు వేసుకుంటే బయటి ప్రపంచం ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దం. అందులో చదివినవాడు పోయిన నెల కొలువు కొట్టి వెళ్లిపోయాడు. శనివారం పెట్టిన నమూనా పరీక్షలో మొదట వచ్చినవాళ్లకు ఆ క్యాబిన్ ఇస్తానని కిషన్ రావు ప్రకటించాడు.

ఆ క్యాబిన్ అందరికీ కావాలి. నలభై ఏడో నంబరు కుర్చీలో కూర్చునే నవతకు మాత్రం అది లేకపోతే ఇక కుదరదు. ఆమె కుర్చీ సరిగ్గా బాత్‌రూమ్ తలుపు ముందు ఉంది. ఎవరు తలుపు తీసినా అది వచ్చి ఆమె వీపుకు తగులుతుంది. శుక్రవారం ఒక్కరోజే నూట పన్నెండుసార్లు తగిలిందని ఆమె పుస్తకం అంచున గీతలు గీసి లెక్కపెట్టుకుంది. అసలు పరీక్ష ఇంకా నెల రోజులుంది. పోయినసారి రెండు మార్కుల తేడాతో ఉద్యోగం పోయింది. ఆ రెండు మార్కులూ ఆ తలుపే తినేసిందని ఆమె గట్టి నమ్మకం.

"జర ఫస్ట్ ఎవరో తేల్చియ్యిరా," అన్నాడు కిషన్ రావు కట్టను కొడుకు మంచం మీద పెడుతూ.

వంటింట్లోంచి పద్మ అందుకుంది. "మార్కులు కాగితాల మీదనే రాసున్నయ్ గదండీ. ఎవరికి ఎక్కువున్నయో చూస్తే అయిపోతది."

"చూసి చెప్తే పక్షపాతం అంటరు. మొన్న ఏప్రిల్ల చూసే చెప్పిన. మా మేనత్త మనుమడు ఫస్టొచ్చిండని ఎంత లొల్లి చేసిన్రు."

"వాడు మీ మేనత్త మనుమడే గద."

"ఫస్ట్ కూడ వచ్చిండు గద," అన్నాడు కిషన్ రావు బాధగా. తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "నా కండ్లతోని, నా బుర్రతోని పని లేకుండ, మిషన్ చేసినట్టు చేసే పద్ధతి ఏదన్న ఉంటే చెప్పు. ఎవడన్న అడిగితే పద్ధతి చూపిస్త."

సుమంత్ గడియారం చూశాడు. పదింటి నిద్ర కళ్లముందే కరిగిపోతోంది. ఎదురుగా తెరమీద ఏడో స్లైడు ఉంది. "అయితే నువ్వే మిషన్ అయిపో డాడీ," అన్నాడు.

పక్కనే పడివున్న పెళ్లిపత్రిక వెనక్కి తిప్పి, ఆవలిస్తూ, గబగబా నాలుగు వాక్యాలు రాశాడు. ఒకటి: దొంతర మీద నుంచి రెండు కాగితాలు తియ్యి, పైది మొదటిది, దాని కిందిది రెండోది. రెండు: మొదటిది రెండోదానికంటే తక్కువా అని అడుగు, అవునంటే ఒకటి, కాకపోతే సున్నా. మూడు: ఒకటి వస్తే మొదటిది పక్కన పెట్టు, సున్నా వస్తే రెండోది పక్కన పెట్టు, మిగిలినదాన్ని మళ్లీ దొంతర మీద పెట్టు. నాలుగు: ఒక్క కాగితం మిగిలేదాకా ఇదే పని.

"ఎక్కువా, సమానమా అని అడగొద్దా?" అన్నాడు కిషన్ రావు.

"వద్దు. తక్కువా అని ఒక్కటే అడుగు. గట్టిగ అవును అనలేకపోతే సున్నా. మధ్యల నీ సొంత ఆలోచన పెట్టకు."

"ముప్పై నాలుగేండ్లు నేనేం చేసిననుకున్నవ్?" అన్నాడు కిషన్ రావు. ఆయన ముఖం వెలిగిపోయింది. తన జీవితమంతా ఏ పద్ధతి కోసం ఎదురుచూశాడో అది కొడుకు చేతిమీదుగా పెళ్లిపత్రిక వెనకాల దొరికినందుకు ఆయనకు నిజంగానే కళ్లు చెమర్చాయి.

ఇక్కడ పరీక్షల విభాగపు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. జవాబు పత్రాల కట్ట కట్టేటప్పుడు రానివాళ్ల వివరం గులాబీ కాగితం మీద రాసి అన్నింటికన్నా పైన పెట్టాలి. కిషన్ రావు రిటైరయినా ఆనవాయితీ రిటైర్ కాలేదు. శనివారం అరవై మందిలో యాభై తొమ్మిది మంది పరీక్ష రాశారు. ముప్పై ఒకటో నంబరు పెద్దులు రాలేదు. అందుకని కట్టమీద గులాబీ చీటీ ఉంది. దానిమీద 'పెద్దులు, గైర్హాజరు' అని ఉంది.

భోజనాల బల్ల మీద పని మొదలైంది. పైనున్న రెండూ తీశాడు. మొదటిది గులాబీ చీటీ. రెండోది ఎవరిదో తొంభై నాలుగు మార్కుల కాగితం. గైర్హాజరు తొంభై నాలుగు కంటే తక్కువా? కిషన్ రావు కళ్లద్దాలు తీసి తుడిచి ఆలోచించాడు. సున్నా వచ్చినవాడు తక్కువ. వీడికి సున్నా రాలేదు. అసలేమీ రాలేదు. వచ్చుంటే ఎంత వచ్చేదో ఎవరు చెప్పగలరు? గట్టిగా అవును అనలేకపోయాడు కాబట్టి సున్నా వేశాడు. రెండోది పక్కన పెట్టి గులాబీ చీటీని మళ్లీ దొంతర మీద పెట్టాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి కాగితానికీ అదే ప్రశ్న, అదే జవాబు. నూట పది పక్కకు పోయింది. నూట యాభైకి నూట ముప్పై ఒకటి తెచ్చుకున్న నవత కాగితం మర్యాదగా పక్కకు పోయింది. దాని తర్వాత నూట ఇరవై ఏడు కూడా పోయింది. ఉప్మా చల్లారేసరికి బల్లమీద ఒక్కటే మిగిలింది. అది గులాబీ రంగులో ఉంది. కిషన్ రావుకు లోపల ఎక్కడో ఏదో నలిగింది గానీ, అది సొంత ఆలోచన అని గుర్తుపట్టి వెంటనే అణిచేశాడు.

పదకొండింటికి అశోక్‌నగర్ నోటీసు బోర్డు మీద 'మొదటి స్థానం: పెద్దులు' అని కాగితం అంటింది. మార్కులు వేయలేదు. మార్కులు వేస్తే కొట్లాటలు వస్తున్నాయని రెండేళ్లుగా పేరు మాత్రమే వేస్తున్నాడు.

నవత ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. ఆమెకు తన మార్కులు తెలుసు, జవాబులు సరిచూసుకుంది. తనకంటే ఎక్కువ తెచ్చుకున్నవాడు ఉన్నాడంటే నమ్మబుద్ధి కాలేదు.

"సార్, నా కాగితం ఒక్కసారి చూస్తరా?" అని అడిగింది.

"అనుమానం ఉంటే రాసియ్యి బిడ్డా. నంబరేసి తీసుకుంట. పదిహేను దినాలల్ల విచారణ."

"సార్, పరీక్ష నెలే ఉంది. సగం దినాలు విచారణకే పోతయ్."

"రూల్ నాకోసం రాయలేదమ్మా," అన్నాడు కిషన్ రావు సానుభూతితో. నవత తన కుర్చీలో కూర్చుని రాసిచ్చింది. రాస్తుండగా తలుపు రెండుసార్లు వీపుకు తగిలింది.

ఈలోపు అందరి నోటా ఒకటే మాట, ఈ పెద్దులు ఎవడు అని. రెండు వారాల కిందట చేరి, మూడు రోజులు వచ్చి, కుర్చీమీద తువ్వాల వేసి మాయమైన కుర్రాడని మాత్రమే తెలిసింది. ఆ తువ్వాల ఇంకా అక్కడే ఉంది. అఖిల్ అనే విద్యార్థి దాన్ని రెండు చేతులతో ఎత్తి మడిచి బల్లమీద పెట్టాడు. అఖిల్ అయిదేళ్లుగా అన్ని పరీక్షలూ రాస్తూ, ఎవరు ఎలా చదివితే ఉద్యోగం వచ్చిందో నోటుబుక్కుల్లో రాసుకోవడంలోనే కాలం గడిపేస్తున్నవాడు. నూట ఇరవై ఏడు తెచ్చుకుని రెండోవాడయిన సంగతి అతనికి ఇంకా తెలియదు.

మధ్యాహ్నానికి వార్త నారాయణగూడ చేరింది. అక్కడ ప్రేమ్‌సాగర్ అనే ఆయన కోచింగ్ సెంటర్ నడుపుతాడు. ఊళ్లో ఎవరు ఎందులో మొదట వచ్చినా వాళ్లు తన దగ్గర చదివారా లేదా అని వెతకడానికి ఆయన దగ్గర ప్రత్యేకంగా ఒక రిజిస్టర్ ఉంది. వెతికితే పెద్దులు పేరు దొరికింది. పోయిన జూన్‌లో ఉచిత డెమో క్లాసుకు ఒకరోజు వచ్చి, ఫారంలో ఫొటో అంటించి, సమోసా తిని వెళ్లాడు. సాయంత్రానికి చౌరస్తాలో పదడుగుల ఫ్లెక్సీ లేచింది. 'మా విద్యార్థి. మా శిక్షణ. మా విజయం.' కింద పెద్దులు ముఖం ఆటో అంత ఉంది.

ఆ ఫ్లెక్సీ వల్లే పెద్దులు దొరికాడు. సోమవారం పొద్దున అఖిల్ నారాయణగూడలో మాసయ్య టిఫిన్ బండి దగ్గర దోసెకు చెయ్యి చాపి, ఇస్తున్నవాడి ముఖం చూసి, వెనక్కి తిరిగి ఫ్లెక్సీ చూసి, మళ్లీ ముఖం చూశాడు. ప్లేటు కింద పడింది.

"అన్నా, నువ్వు పెద్దులన్నవేనా?"

పెద్దులు అటూ ఇటూ చూశాడు. మేనమామ మాసయ్య బండి దగ్గర దోసెలు వేస్తున్నానని అతను ఊళ్లో చెప్పలేదు. "అవును గానీ ఎవలికి చెప్పకు," అన్నాడు.

"ఫస్ట్ ఎట్ల వచ్చినవన్నా?"

"దేంట్ల? నేను పరీక్షనే రాయలేదు."

అఖిల్ జేబులోంచి నోటుబుక్కు తీశాడు. 'పరీక్షను పరీక్షలా చూడకూడదు' అని రాసుకున్నాడు.

"నిజంగనే రాయలేదన్నా. ఆ రూమ్‌ల కూసుంటే నిద్రొస్తుండె. అందుకే పోవుడు బంద్ పెట్టిన."

'రీడింగ్ రూముకు పోకూడదు' అని రాసుకున్నాడు అఖిల్. రాస్తూనే అయిదేళ్లుగా తాను చేసిన తప్పేమిటో అర్థమై అతనికి ఏడుపొచ్చింది. "మరి ఇప్పుడేం చదువుతున్నవన్నా?"

"ఏం చదువుతలేను. దోసెలు ఏస్తున్న. చూస్తున్నవ్ గద."

'చేతులకు పని ఉంటే బుర్ర దానంతట అదే చదువుతుంది' అని మూడోది రాసుకుని, అఖిల్ ఆ పేజీ ఫొటో తీసి ఏకాగ్ర గ్రూపులో పెట్టాడు. అరగంటలో బండి చుట్టూ నలభై మంది చేరారు. పదింటికల్లా గరిటె పట్టుకోవడానికి వరుస కట్టారు. ఒకడు చట్నీ రుబ్బుతూ ఆర్థిక సర్వేను తలుచుకుంటున్నాడు. ఇద్దరు ఉల్లిపాయలు తరుగుతూ రాజ్యాంగంలోని అధికరణాలు అప్పచెప్పుకుంటూ ఏడుస్తున్నారు. మాసయ్యకు ఏమీ అర్థం కాలేదు గానీ, పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఆయన కుర్చీలో కూర్చుని తన బండి మీద తానే దోసె తిన్నాడు.

ఇక్కడ అశోక్‌నగర్‌లో కిషన్ రావు హాజరు పుస్తకం తెరిచి నిలబడిపోయాడు. అరవై కుర్చీల్లో యాభై తొమ్మిది ఖాళీ. నలభై ఏడో కుర్చీలో నవత ఒక్కతే ఉంది.

"వీళ్లంత ఏడికి పోయిన్రు?"

"పెద్దులు లెక్క చదువుడు మొదలుపెట్టిన్రట సార్."

కిషన్ రావు గైర్హాజరు చీటీలు రాయడం మొదలుపెట్టాడు. ముప్పై రాసేసరికి గులాబీ కాగితం అయిపోయింది. సాయంత్రం అయిదింటికి పెద్దులుకు క్యాబిన్ తాళంచెవి ఇచ్చే సభ పెట్టుకున్నాడు, హాలు చూస్తే ఇలా ఉంది. నవత మాత్రం మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. తలుపు ఒక్కసారి కూడా తగలకపోవడంతో ఆమె రెండు అధ్యాయాలు ముగించింది. రెండో అధ్యాయం చివర్లో, ఈ నిశ్శబ్దం సాయంత్రం నుంచి వేరేవాడికి పోతుందని గుర్తొచ్చి కళ్లనీళ్లు తుడుచుకుంది.

నాలుగింటికి చిక్కడపల్లి ఇంట్లో సుమంత్ పాఠం మొదలుపెట్టాడు. పెద్దులు సంగతి అతనికి మధ్యాహ్నం తల్లి చెప్పింది. పరీక్షే రాయని దోసెల అబ్బాయి ఫస్టట అని ఆమె నవ్వితే, జనం అలాగే అనుకుంటారులే అని అతను పట్టించుకోలేదు. నలభై మంది కొత్త ఉద్యోగులు తెరమీద చిన్నచిన్న గళ్లలో కూర్చుని ఉన్నారు.

"మన మిషన్ దొంతర మీద పైనున్న రెండింటినే చూస్తది," అన్నాడు సుమంత్ ఏడో స్లైడు పెట్టి. "ఇక్కడ అందరు చేసే తప్పు ఒకటుంది. పైనున్నది మొదటిది అనుకుంటరు. కాదు. ముందు పెట్టినది కింద ఉంటది, అదే మొదటిది. పైనున్నది ఎప్పుడైన రెండోది. ఇది ఉల్టా అయితే, అందులో ఒకటి అసలు సంఖ్యే కాకపోతే..."

అంతటితో ఆగిపోయాడు. పెళ్లిపత్రిక వెనక తన చేతిరాత కళ్లముందు కదిలింది. పైది మొదటిది, దాని కిందిది రెండోది. సంఖ్య కానిది ఒకటి కట్ట మీద ఉంటే? గులాబీ రంగు గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఏ కట్ట చూసినా పైన ఆ చీటీ ఉండేది.

"సార్, ఉల్టా అయితే ఏమైతది?" అని గళ్లలో ఒకమ్మాయి అడిగింది.

"దోసెలు ఏసేటోడు ఫస్టొస్తడు," అని సుమంత్ చెప్పులు వేసుకుని పరుగెత్తాడు. నలభై మందీ ఆ వాక్యాన్ని నోట్సులో రాసుకున్నారు.

అశోక్‌నగర్‌లో అప్పటికి సభ నిండిపోయింది. పెద్దులును బండి దగ్గర నుంచి నడిపించుకుంటూ యాభై ఎనిమిది మందీ వచ్చారు. అతని చొక్కామీద పిండి మరకలున్నాయి, చేతిలో గరిటె ఉంది. గరిటె వదిలేసి వస్తానంటే అఖిల్ ఒప్పుకోలేదు. ప్రేమ్‌సాగర్ వీడియో తీసేవాణ్ణి వెంటబెట్టుకొచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. పద్మ శాలువా పట్టుకుని నిలబడింది. నవత తన నలభై ఏడో కుర్చీలోనే ఉంది.

కిషన్ రావు తాళంచెవి పెద్దులు చేతిలో పెట్టి మైకు ఇచ్చాడు. పెద్దులు ఒకసారి గొంతు సవరించుకున్నాడు. "సార్, నిజం చెప్పాలె. నేను పరీక్షకు రాలేదు."

హాలంతా చప్పట్లు మోగాయి. ఎంత ఒదిగి ఉన్నాడో అని ముందు వరుసలో ఎవరో అన్నారు.

"అది నాకు ఎరుకనే," అన్నాడు కిషన్ రావు ప్రశాంతంగా.

చప్పట్లు ఆగిపోయాయి.

"రాలేదని చీటీ రాసింది నేనే. అయినా పద్ధతి ప్రకారం ఫస్ట్ నువ్వే."

"రావ్ సాబ్, వీడియో నడుస్తున్నది," అన్నాడు ప్రేమ్‌సాగర్ మెల్లగా.

"నడవనీ. నా పద్ధతిల దాచేది ఏం లేదు." కిషన్ రావు కట్ట తెప్పించి బల్లమీద విప్పాడు. పెళ్లిపత్రిక చూసి నాలుగు వాక్యాలూ పైకి చదివాడు. ఆపైన రెండు కాగితాలు తీసి అందరికీ చూపించాడు. "ఇది గైర్హాజరు. ఇది తొంభై నాలుగు. గైర్హాజరు తొంభై నాలుగు కంటె తక్కువని మీల ఎవరన్న గట్టిగ చెప్పగలరా? వస్తే ఎంత వస్తుండెనో మీకెర్కనా?"

ఎంత ఆలోచించినా ఎవరికీ ఎరుక లేదు. ఇద్దరు ముగ్గురు తలలు కూడా ఊపారు. ఒక్కొక్క కాగితం పక్కకు పోతూ ఉంటే హాలంతా చూస్తోంది. నవత మెడ చాచి మరీ చూస్తోంది. నూట ముప్పై ఒకటి పక్కకు పోయినప్పుడు ఆమె లేచి నిలబడింది. ఆఖర్న గులాబీ చీటీ ఒక్కటే మిగిలితే కిషన్ రావు దాన్ని ఎత్తి అందరికీ చూపించాడు.

సరిగ్గా అప్పుడే సుమంత్ రొప్పుతూ గుమ్మంలోకి వచ్చాడు. రెండంతస్తులు ఎక్కిన ఆయాసంతో నోట మాట రాలేదు. చెయ్యి గాలిలో తలకిందులుగా తిప్పుతూ ఏదో చెప్పబోయాడు. కొడుకు తనను అభినందిస్తున్నాడనుకుని కిషన్ రావు కూడా చెయ్యి ఊపాడు.

"సార్, ఒక్క మాట," అంది నవత. "మీ పద్ధతి మార్చొద్దు. ఒక్క ముక్క మార్చొద్దు. కట్టను మాత్రం తిరగేసి పెట్టి మళ్ల చేయుండ్రి."

"తిరగేస్తే ఏమైతది బిడ్డా?"

"ఏం కావద్దు సార్. పద్ధతి సక్కగుంటే పైనుంచి తీసినా కిందనుంచి తీసినా ఫస్ట్ ఒక్కడే రావాలె గద."

కట్టను తిరగేయకూడదని కిషన్ రావు చదివిన రూల్లో ఎక్కడా లేదు. గులాబీ చీటీ అడుగుకు పోయింది. మళ్లీ మొదలుపెట్టాడు. ఎనభై రెండు నూట అయిదు కంటే తక్కువా? అవును. ఒకటి. ఎనభై రెండు పక్కకు పోయింది. నూట అయిదు నూట ఇరవై ఏడు దగ్గర ఓడింది. నూట ఇరవై ఏడు చాలాసేపు నిలబడింది. అఖిల్ అది తన కాగితం అని గుర్తుపట్టి గరిటెల సంగతి మరిచిపోయి ముందుకు తోసుకొచ్చాడు. నూట ముప్పై ఒకటి వచ్చేసరికి అదీ పక్కకు పోయింది. ఆ తర్వాత నూట ముప్పై ఒకటి ఎవరి ముందూ ఓడలేదు. చివరికి దాని కింద గులాబీ చీటీ ఒక్కటే మిగిలింది.

"నూట ముప్పై ఒకటి గైర్హాజరు కంటే తక్కువా?" అని కిషన్ రావు మైకులో తనను తాను అడిగాడు. గట్టిగా అవును అనలేకపోయాడు. "సున్నా. రెండోది పక్కన పెట్టాలె." గులాబీ చీటీ పక్కకు పోయింది. నవత కాగితం బల్లమీద మిగిలింది.

కిషన్ రావు ఆ కాగితం వైపు, పెళ్లిపత్రిక వైపు మార్చి మార్చి చూశాడు. "అవే కాగితాలు. అదే పద్ధతి. ఇద్దరు ఫస్టులు," అన్నాడు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆయన గొంతు ఎవరూ అలా వినలేదు.

సుమంత్‌కు అప్పటికి ఊపిరి అందింది. "తప్పు నాది డాడీ. పైది రెండోది, కిందిది మొదటిది అని రాయాలె. నిద్ర మబ్బుల ఉల్టా రాసిన. సక్కగ రాసుంటే గులాబీ చీటీ మొదటి దెబ్బకే పక్కకు పోతుండె."

"గదే గద నువ్వు నౌకరీల చేసే పని?"

"గదొక్కటే చేసే పని," అన్నాడు సుమంత్ తల వంచుకుని.

"మార్కులు చూస్తే అయిపోతదని నేను నిన్ననే చెప్పిన," అంది పద్మ శాలువా మడత విప్పుతూ.

కిషన్ రావు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. నిన్న అణిచేసిన సొంత ఆలోచన మళ్లీ పైకి వచ్చింది, ఈసారి ఆయన దాన్ని ఆపలేదు. "లోపట నాకు కొట్టింది బిడ్డా," అన్నాడు నవతతో. "రాయనోడు ఫస్ట్ ఎట్లయితడని అప్పుడే కొట్టింది. పద్ధతిల లేదని ఊకున్న. మాఫ్ చెయ్యి." అరవై మంది ముందు, వీడియో నడుస్తుండగా ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమైందో పద్మకు తెలుసు. ఆమె శాలువా తీసుకెళ్లి ముందు ఆయన భుజానికి తగిలించి, తర్వాత గుర్తొచ్చి తీసి నవతకు కప్పింది.

పెద్దులు తాళంచెవి నవత చేతిలో పెట్టాడు. అతని ముఖంలో మూడు రోజుల జ్వరం దిగినంత తేలిక కనిపించింది. "తీస్కో అక్కా. నేను పోవాలె, బండి కాడ చట్నీ అయిపోయి ఉంటది." నవత తాళంచెవి పిడికిట్లో బిగించి పట్టుకుంది.

ప్రేమ్‌సాగర్ అప్పటికే ఆమె పక్కకు చేరాడు. "అమ్మా, మీరెప్పుడన్న మా డెమో క్లాసుకు వచ్చిన్రా?"

"రాలేదు సార్."

"సమోసకన్న?"

"రాలేదు సార్."

ప్రేమ్‌సాగర్ నిట్టూర్చి వీడియో ఆపించాడు. ఫ్లెక్సీ మాత్రం దింపించలేదు. దాని కింద నిలబడి దోసెలు తింటే బుర్ర పనిచేస్తుందన్న పేరు అప్పటికే విద్యానగర్ దాకా పాకింది. మాసయ్య రెండో పెనం కొన్నాడు. పెద్దులు ఊరికి ఫోను చేసి అమ్మకు ఉన్న మాట చెప్పేశాడు. ముందే చెప్పుంటే ఇంటి మినుములే పంపేదాన్ని కదా అని ఆమె తిట్టింది.

నవత క్యాబిన్‌లో మొదటి రోజంతా నిద్రపోయింది. అయిదు నిమిషాలకోసారి వీపుకు ఏదీ తగలకపోయేసరికి రెండేళ్ల నిద్ర ఒక్కసారిగా మీద పడింది. రెండో రోజు నుంచి చదివింది. నలభై ఏడో కుర్చీని బాత్‌రూమ్ తలుపుకు నాలుగడుగుల దూరం జరిపించాడు కిషన్ రావు. ఏ రూల్ కిందా కాదు, తనకు అనిపించి జరిపించాడు. ఆ సంగతి ఇంటికొచ్చి పద్మకు రెండుసార్లు చెప్పాడు.

ఆ తర్వాతి నెల నమూనా పరీక్షకు అరవై మందిలో నలభై ఒక్క మంది రాలేదు. తమ తమ చీటీని కట్టమీద అందరికన్నా పైన పెట్టవలసిందిగా కోరుతూ నలభై ఒక్క మందీ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకున్నారు.